పాదానికి విద్య లేదా?

"చదువు రాకపోతే వెల్డింగు షాపులో చేరుదువుగాని" - ఈ బెదిరింపు వినకుండా బడి దాటిన తెలుగు పిల్లవాడు అరుదు. ఉపాధ్యాయుల గదులలో దీనిని నేను దశాబ్దాల పాటు విన్నాను. ఇందులో రెండు అసత్యాలున్నాయి. వెల్డింగుకు చదువక్కరలేదన్నది మొదటిది. చదువంటే పుస్తకమేనన్నది రెండవది. ఈ రెంటినీ ఖండించడమే నా ఉద్దేశం. పదవీ విరమణానంతరం టిగ్ వెల్డింగు అభ్యసిస్తున్నవాడిని గనుక ఆపాటి అర్హత నాకున్నదనుకొంటాను.

టిగ్ అంటే టంగ్‌స్టన్ ఇనర్ట్ గ్యాస్. 1940ల తొలినాళ్ళలో అమెరికాలోని నార్త్రప్ విమాన సంస్థలో రసెల్ మెరెడిత్ మెగ్నీషియాన్ని అతకడానికి దీనిని రూపొందించాడు. నాడు వాడినది హీలియం. నేడు ఎక్కువగా ఆర్గాన్. ఒక చేత టార్చి, మరొక చేత పూరక తీగ, పాదం కింద పెడలు. మూడూ ఏకకాలంలో పనిచేయాలి.

ఉక్కుకు ఒక స్థూలసూత్రమున్నది: అంగుళంలో వెయ్యోవంతు మందానికి ఒక ఆంపియరు. అంటే 3 మిల్లీమీటర్ల రేకుకు సుమారు 120. సూత్రం తెలిశాక ఇక విద్య ఏమున్నదందురా? ఆ అంకె హద్దు మాత్రమే. ఆ హద్దు లోపల క్షణక్షణం ఎంత ఇవ్వాలో పాదం తేల్చాలి.

అల్యూమినియం సంగతి మరీ చిత్రం. లోహం 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. దానిపై ఆక్సైడు పొర 2,000 దాటితేగాని కరగదు. ఆ పొరను ఛేదించడానికే ఏసీ కరెంటు. ఉక్కువలె ఎర్రబడి హెచ్చరించదు. మొదట వేడినంతా లోపలికి లాగుకొంటుంది. కొంతదూరం పోయేసరికి రేకంతా వేడెక్కి, అదే కరెంటుకు కూలిపోతుంది. కనుక గట్టిగా నొక్కిన పాదం క్రమంగా సడలాలి. చివర ఒక్కసారిగా వదిలితే గుంట పడి, అందులో పగులు పుడుతుంది. మెల్లగా దించాలి, దించిన పిమ్మట ఆర్గాన్ ఆగేదాకా టార్చిని కదల్చరాదు.

ఇది బుద్ధి కాక మరేమిటి? ఏది, ఎక్కడ, ఎంత అన్న వివేకానికి క్షేమేంద్రుడు ఔచిత్యమని పేరుపెట్టి గ్రంథమే వ్రాశాడు. అది కవికుంటే ప్రతిభ, కార్మికునికుంటే కూలిపనా? రెండు అచ్చులు కలిసి ఒకటైతే సంధి అని బోధించి మేము జీతం తీసుకొన్నాము. రెండు లోహాలను కరిగించి ఒకటి చేసేవాడు మాత్రం చదువురానివాడా?

పెడలు ఊతకర్ర వంటిదని, కరెంటు స్థిరంగా ఉంచి చేతి వేగంతోనే నేర్వాలని వాదించే ఉస్తాదులూ ఉన్నారు. నిచ్చెన మీద, గొట్టాల నడుమ పెడలు పనికిరాదన్నది నిజమే. అక్కడ టార్చి మీది మీటే శరణ్యం. కాని బల్ల వద్ద కూర్చుని నేర్చేవానికి వేడి స్వభావాన్ని పెడలు చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు. ఇక, పాదానికేమి విద్య అనేవారు గుంటమగ్గంలో నేతగాని కాళ్ళను ఎన్నడూ చూడలేదన్నమాట.

అధ్యాపక మిత్రులారా, ఐటీఐలో చేరే పిల్లవాణ్ణి ఓడిపోయినవానిగా సాగనంపకండి. ఒక విద్యను శిక్షగా చూపితే పిల్లవాడు ఆ విద్యనూ గౌరవించడు, తననూ గౌరవించుకోడు. నా మాట నమ్మనివారు ఒక్కపూట ముసుగు తొడిగి, పెడలుపై పాదముంచి చూడండి. ఆ తరువాత వాదిద్దాము.