ఎరువు పెరటిలోనే పుట్టవలయును
2019 సెప్టెంబరులో పల్లెప్రగతి కార్యక్రమము ఆరంభమైన పిమ్మట తెలంగాణ గ్రామపంచాయతీలకు ట్రాక్టర్లును, కంపోస్టు షెడ్లును సమకూరినవి. అయినను, మొగుళ్లపల్లిలో గాని మరియే పల్లెలో గాని, కూరగాయల తొక్కలును, పాలప్యాకెట్లును, పగిలిన గాజుపెంకులును ఒక్క బుట్టలోనే పడినంతకాలము ఆ షెడ్డులో మంచి ఎరువు తయారుకాదు, పారిశుద్ధ్య కార్మికుని చేతికి గాయములు తప్పవు. తడిచెత్తను, పొడిచెత్తను వేరుచేయుట ఇంటిలోనే జరుగవలయును. అదియు ఇల్లాలి మీదనే పడరాదని నా దృఢాభిప్రాయము. పెరడున్న గృహస్థుడు గుంత త్రవ్వి, తొక్కలు, ఎండుటాకులు, పేడ పొరలుపొరలుగా పరచి, తడి ఆరనీయక, నడుమనడుమ తిరుగవేసినచో, కొన్ని మాసములలో బీర, సొర పాదులకు చక్కని ఎరువు లభించును. అంట్ల నీటిని ఇంకుడుగుంతకు మరలించినచో వీధిలో మురుగును, దోమలును తగ్గును. పెరడు లేనివారికి పంచాయతీ వాడకొక ఉమ్మడి ఎరువుగుంత నేర్పరుపవలెను. రాబోవు గ్రామసభలోనే అందుకు స్థలము నిర్ణయింపవలసినదిగా కోరుచున్నాను.