రథాన్ని మార్చవలెనా?

శంషాబాద్ విమానాశ్రయ సమీపాన, బాహ్యవలయ రహదారిపై నా మిత్రుని కారు గత మాసంలో మూడవ పర్యాయం ఆగిపోయింది. గంటకు 250 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగల వాహనమది. ఆ మార్గంలో అనుమతించిన గరిష్ఠ వేగం 120. దానిని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి, ప్రత్యర్థి సంస్థ కారు తీసుకోనా అని ఆయన ప్రశ్న.

వినిమయం అనగానే యయాతి స్మరణకు వస్తాడు. శుక్రాచార్యుని శాపంచేత ప్రాప్తించిన వార్ధక్యాన్ని కుమారుడైన పూరువుకిచ్చి, అతని యౌవనాన్ని గ్రహించాడు. సహస్ర వర్షాలు భోగించినా కామం శమించలేదు.

అట్లని చెడిన వాహనాన్ని భరించడమే వైరాగ్యమనుకోవడం అవివేకం. నడిరోడ్డుపై ఆగే కారు ప్రాణాపాయకరం, మార్చవలసినదే. అయితే కఠోపనిషత్తు బుద్ధిని సారథిగా, మనస్సును పగ్గంగా, ఇంద్రియాలను అశ్వాలుగా నిరూపించింది. ఈ నిర్ణయం సారథిదా, అశ్వాలదా? "అంత వేగం లేకున్నా నమ్మకంగా నడిచే కారైతే తీసుకుంటారా?" అని అడిగాను. మిత్రుడు మౌనం వహించారు. ఆ మౌనంలోనే విచారణ ఆరంభమవుతుంది.

మరొక ధర్మసూక్ష్మం ఉన్నది. తాను స్వీకరిస్తున్నది వార్ధక్యమని పూరువుకు తెలుసు, యయాతి దాచలేదు. మనం ఇచ్చే వాహనంలోని దోషాన్నీ పుచ్చుకొనేవారికి చెప్పి తీరాలి. అందువల్ల ధర తగ్గితే తగ్గనీయండి. దాచితే, రేపు అదే రహదారిపై అర్ధరాత్రి నిలిచిపోయేది మరొకరి కుటుంబం.