ఒళ్లు చల్లబడిందని ఆశ వదలకండి

మన ఇళ్లలో 'ఒళ్లు చల్లబడింది' అంటే ప్రాణం పోయిందనే అర్థం. చలికో, చన్నీళ్లలో పడో కొయ్యబారిన మనిషి విషయంలో ఆ మాట తొందరపాటని నా అభిప్రాయం.

గుండె కొట్టుకునేది దానిలోనే పుట్టే సన్నని విద్యుత్తు వలన. శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీల నుండి పడిపోయేకొద్దీ ఆ విద్యుత్తు నడక మందగిస్తుంది, నాడి చేతికి అందదు. 32 కన్నా తగ్గితే ఇ.సి.జి.లో చిన్న మూపురంలాంటి అల కనబడవచ్చు. 1953లో దానిని వివరించిన డాక్టరు పేరున ఆస్‌బోర్న్ అల అంటారు. 28 కన్నా దిగితే గుండె లయతప్పి ఊరికే వణకవచ్చు. గట్టిగా కుదిపినా చాలు, ఆ ప్రమాదం రావచ్చు! కనుక చేతులూ కాళ్లూ రుద్దకండి, లేపి నడిపించకండి. తడిబట్టలు తీసి, పొడి దుప్పటి కప్పి, పడుకోబెట్టే తీసుకురండి. ఊపిరి, నాడి ఒక నిమిషం ఓపికగా చూడండి. లేకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి.

1999లో నార్వేలో అన్నా బోగెన్‌హోల్మ్ అనే యువ డాక్టరు మంచుగడ్డ కింద నీటిలో 80 నిమిషాలు చిక్కుకున్నారు. గుండె ఆగింది, ఉష్ణోగ్రత 13.7 డిగ్రీలు. ట్రోమ్సో ఆసుపత్రివారు ఆమె రక్తాన్ని యంత్రంతో మెల్లగా వేడిచేస్తే గుండె మళ్లీ కొట్టుకుంది. తరువాత ఆమె అదే ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేశారు.