బర్సాతీ లోపలి వాన

కొండలెక్కబోయే విద్యార్థి మిత్రులు నన్ను మొదట అడిగేది దారిని గురించి కాదు, కోటును గురించి. "సార్, ఎటువంటిది కొనుక్కోవాలి?" అంటారు. నిరుడు వానాకాలంలో అనంతగిరి కొండలకు వెళ్లినప్పుడు మనవారిలో అధికులు ప్లాస్టిక్ బర్సాతీలు ధరించి వచ్చారు. అరగంట ఎక్కిన పిమ్మట విప్పి చూసుకుంటే, చొక్కాలు పిండితే నీళ్లు కారేటట్లున్నవి. పైనుండి ఒక్క చుక్క లోపలికి దిగలేదు. తడిపినది వారి చెమటే. ఒక కుర్రవాడు మాత్రం ఇంటినుండి తాతగారి నల్ల గొడుగు తెచ్చి, అందరి నవ్వులకు గురి అయి, అందరికన్న పొడిగా పైకి చేరుకున్నాడు.

ఇందులో వింత లేదు. ఉక్కగా ఉన్నప్పుడు ఎత్తుకు నడిచే మనిషికి గంటకు అరలీటరు మొదలు లీటరు వరకు చెమట పట్టవచ్చును. 1823లో స్కాట్లండు దేశీయుడు చార్లెస్ మాకింతోష్ రెండు గుడ్డల నడుమ రబ్బరు పూసి పేటెంటు పొందిన నాటినుండి ఈ చిక్కు ఉన్నదే: నీటిని ఆపే పొర ఆవిరిని కూడా ఆపుతుంది. 1969లో అమెరికాలో బాబ్ గోర్, టెఫ్లాన్ అనే పదార్థాన్ని ఒక్క ఊపున సాగదీసి, సూక్ష్మరంధ్రాలు గల పొరను సాధించాడు. గోర్‌టెక్స్ అనే పేరుతో ప్రసిద్ధమైనది అదే. దాని రంధ్రాలు నీటి బొట్టుకన్న సుమారు 20,000 రెట్లు చిన్నవనీ, ఆవిరి అణువుకన్న 700 రెట్లు పెద్దవనీ తయారీదారులు చెబుతారు. కనుక చినుకు ఆగుతుంది, ఆవిరి పోతుంది.

పోతుంది గాని, దానికి బయట చోటుండాలి. ఈ మాట దుకాణంలో చెప్పరు. 0 డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 5 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే ఇముడ్చుకోగలదు. 27 డిగ్రీల వద్ద సుమారు 26 గ్రాములు. హిమాలయాలలో బయటి గాలిలో ఆవిరి స్వల్పం, కోటు లోపల అధికం. ఆ వ్యత్యాసమే ఆవిరిని వెలుపలికి నెడుతుంది. శ్రావణమాసపు ముసురులో మన దక్కను గాలి అప్పటికే ఆవిరితో నిండి ఉంటుంది. లోపలికీ వెలుపలికీ గల వ్యత్యాసం అక్కడి దానిలో సగమైనా ఉండదు. వేల రూపాయలు పోసి కొన్న కోటు కూడా ఇక్కడ మనలను చెమటలో నానబెడుతుంది.

కాబట్టి మన కొండలకు గొడుగు చాలును. గాలి దట్టంగా వీచే చోట పక్కలు తెరచియున్న వెడల్పాటి పోంచో, లోపల త్వరగా ఆరే పలుచని చొక్కా. మన గొర్రెల కాపరులు గొంగడిని ముసుగువలె మడచి నెత్తిన వేసుకొనడంలోని యుక్తి కూడా ఇదే: పైన కప్పు, కింద గాలి. గొంగడి నానితే మోయలేనంత బరువెక్కుతుంది, అది వేరే సంగతి. ఇక్కడ కొంత తడిసినా సాధారణంగా ప్రాణభయం లేదు.

హిమాలయాలలో అట్లు కాదు. తడిసిన నూలు చొక్కాపై చలిగాలి వీస్తే దేహోష్ణత 35 డిగ్రీలకన్న దిగువకు పడిపోయి ప్రాణం మీదికి రాగలదు. అక్కడ ఊపిరాడే కోటు విలాసం కాదు. కొనేవారు కుట్ల లోపలివైపు పట్టీ అతికించి ఉన్నదా, చంకల కింద తెరచుకొనే జిప్పులున్నవా అని చూడాలి. పై గుడ్డమీద నీళ్లు ముత్యాలవలె జారడం మానితే కోటు చెడిపోయినదని పారవేయరాదు. లేబులుపై సూచించిన విధంగా ఉతికి ఆరబెడితే చాలావరకు మళ్లీ జారుతవి. లోపల నూలు వద్దు, ఉన్ని మేలు.

ఇక అసలు మనవి. ఆ తరువాత మేము తలపెట్టిన హిమాచల్ కొండయాత్రకు "ఊపిరాడే వాటర్‌ప్రూఫ్ జాకెట్టు, తప్పనిసరి" అని జాబితాలో వ్రాసినవాడను నేనే. వారం తిరగకముందే ఒక విద్యార్థి వచ్చి, చెల్లెలి పెండ్లి ఉన్నదని చెప్పి పేరు తీయించుకున్నాడు. పెండ్లి లేదని తరువాత తెలిసింది. అతనే గొడుగు తెచ్చిన కుర్రవాడు.

2014 మే 25న నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ, 14 ఏళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. ఆమె తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. బిడ్డ కోటు తామే కొనవలసి ఉంటే ఆమె ఎక్కడిదాకా వెళ్లగలిగేది? ఆమెను చేరదీసి శిక్షణ ఇప్పించి పంపినది గురుకుల విద్యాసంస్థ.

కళాశాల కమిటీ పెద్దలు క్రికెట్ ప్యాడ్లు ప్రతి విద్యార్థినీ కొనుక్కోమనడం లేదు. ఆటల గదిలో ఉంచి ఇస్తున్నారు. పది జాకెట్లు, వివిధ కొలతలలో, అదే గదిలో ఉంచవలెనని కోరుతున్నాను. ఏడాదికి ఒకటి రెండు యాత్రలకే పనికివచ్చే వస్తువు అది. ఒక్కొక్క ఇంటిలో ఒక్కొక్కటి పెట్టెలో మడచి ఉండడంకన్న ఇది చవక. ఉతికి ఇచ్చే పూచీ తీసుకొన్నవారిది. రిజిస్టరు నేను చూసుకుంటాను. ఆ జాకెట్లు వచ్చేదాకా నా జాబితాలో "తప్పనిసరి" అనే మాట ఉండదు. హిమాలయ యాత్ర కూడా ఉండదు.