నైట్ డ్యూటీ లెక్క మేమే రాస్తాం

పల్నాడు వార్డుల్లో డ్యూటీ చేసే నర్సులం మేము. స్టాఫ్ నర్సులం, హెడ్ నర్సులం, కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లం, ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతూ థీసిస్‌కు అంశం వెతుక్కుంటున్నవాళ్లం. నర్సింగ్ పరిపాలన మీద పరిశోధన ఇకమీదట మా డ్యూటీ రిజిస్టరు నుంచే మొదలుకావాలని తీర్మానించుకున్నాం.

మిరప కోతల కాలంలో ఒక రాత్రి, పురుగుమందు తాగిన మనిషిని ఆటోలో వేసుకొచ్చారు. అట్రోపిన్ ఇస్తూ కొద్ది నిమిషాలకోసారి కంటిపాప చూడాలి, నాడి చూడాలి, ఛాతీలో గురగుర తగ్గిందో లేదో వినాలి. పక్కనుంచి కదలడానికి లేదు. వార్డు మొత్తానికి మాలో ఒకామె ఒక్కతే ఉంది. చివరి మంచం దగ్గర సెలైన్ అయిపోయి ట్యూబులోకి రక్తం వెనక్కెక్కింది. పురుగుమందు తాగిన మనిషి బతికాడు. తెల్లారి రిజిస్టరులో మాత్రం నైట్ డ్యూటీకి ఒకరున్నారనే ఉంది. ఆమె చూడలేకపోయిన మంచాల సంగతి ఏ కాగితానికీ ఎక్కలేదు.

ఇలా చేయలేక మిగిలిపోయే పనిని కొలవడం మీదే ఇప్పుడు చాలా దేశాల్లో పరిశోధన సాగుతోంది. అమెరికాలో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల లెక్కలు తీసింది. నర్సు మీద ఒక్క రోగి అదనంగా పడితే, ఆపరేషన్ అయినవాళ్లు నెలలోపు చనిపోయే ముప్పు 7 శాతం పెరుగుతోందని 2002లో చూపించింది. భారత నర్సింగ్ కౌన్సిల్ బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు అంది. దాన్ని మూడు షిఫ్టులకు పంచితే ఒకరి చేతిలో తొమ్మిది మంది. మా వార్డుల్లో ఎంతమందో నోటితో చెబితే ఫిర్యాదు అంటారు. ఏడాదిపాటు రాసి చూపిస్తే కాదనలేరు. మే 12న నైటింగేల్ ఫొటోకు దండ వేస్తాం, దీపాలు వెలిగిస్తాం. క్రిమియా యుద్ధంలో సైనికుల చావుల లెక్కలు కట్టి, పటాలుగా గీసి, ప్రభుత్వం ముందు పెట్టింది కూడా ఆమే.

ప్రతి షిఫ్టులో నర్సులెందరో, రోగులెందరో, చేయలేకపోయిన పనేమిటో రాస్తాం. రోగి పేరు రాయం, నర్సు పేరూ రాయం. ఈ కాగితం పట్టుకుని ఎవరికీ మెమో ఇవ్వకూడదు. నిజం రాసినందుకు శిక్షిస్తే రెండో నెలకల్లా రిజిస్టరు అబద్ధాలతో నిండుతుంది, అది మాకు బాగా తెలుసు. ఎథిక్స్ కమిటీ అనుమతి లేనిదే ఏదీ మొదలుపెట్టం. ప్రశ్నలు తెలుగులోనే అడుగుతాం. థీసిస్ బైండింగ్ చేయించి బీరువాలో పెట్టేస్తే ఒప్పుకోం. లెక్క ఎవరి దగ్గర తీసుకున్నామో వాళ్ల ముందు చదివి వినిపిస్తాం. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ కలిపి కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన నేల ఇది. లెక్క చదివే రోజు సూపరింటెండెంటు, కాంట్రాక్టు నర్సు, స్టూడెంటు, ఆయమ్మ ఒకే చాప మీద కూర్చోవాలి. రోస్టరు వేసేవాళ్లు ఆ లెక్క చూశాకే మరుసటి నెల రోస్టరు వేయాలి.

అనుమతి రాగానే మొదటి నెల నైట్ డ్యూటీలతోనే మొదలు. కాగితంలో మూడు గడులు చాలు. మూడో గడి ఖాళీగా కనిపిస్తే, పొద్దున డ్యూటీ అప్పగించేటప్పుడు హెడ్ నర్సు నెమ్మదిగా అడగాలి: "రాత్రి నిజంగా ఏమీ మిగల్లేదా సిస్టర్?"