ఉక్కు పద్దుల్లో చేరని ఇప్పపువ్వు

భిలాయి కర్మాగారంలో ఒక టన్ను ఉక్కు తయారు కావడానికి ఎంత ఖర్చవుతుందో తేల్చే పద్దులు పకడ్బందీగా ఉంటాయి. దల్లీ-రాజహరా కొండల నుంచి ఇనుప ఖనిజం, నందిని గనుల నుంచి సున్నపురాయి, హిర్రీ నుంచి డోలమైటు, తాండుల జలాశయం నుంచి నీరు. ప్రతిదానికీ పరిమాణం ఉంది, ధర ఉంది, రవాణా ఛార్జీ ఉంది. ఆ ఖనిజం వచ్చే కొండల చుట్టూ బతికే గోండు, హల్బా కుటుంబాల జీవనాధారానికి మాత్రం ఆ పద్దుల్లో చోటు లేదు. అందుకు కారణం ఆ కుటుంబాలకు ఆదాయం లేకపోవడం కాదు. ఆ ఆదాయంలో అధికభాగం నోట్ల రూపంలో చేతికి రాకపోవడమే.

ఇది ముగిసిపోయిన పాత తగాదా కాదు. ఆరు దశాబ్దాల తవ్వకంతో దల్లీ-రాజహరా నిల్వలు తరిగిపోయాయి. భిలాయి ఇప్పుడు ఆశలన్నీ పెట్టుకున్నది అంతకంటే దక్షిణాన కాంకేర్, నారాయణపూర్ జిల్లాలలో విస్తరించిన రావ్‌ఘాట్ కొండలపైన. అక్కడి తవ్వకానికి 2009లో పర్యావరణ, అటవీ అనుమతులు లభించాయి. మావోయిస్టుల హింస, భద్రతాదళాల శిబిరాల నడుమ పనులు ఏళ్ల తరబడి నత్తనడక నడిచినా, దల్లీ-రాజహరా నుంచి రావ్‌ఘాట్ వరకు 95 కిలోమీటర్ల రైలుమార్గం అడవిని చీల్చుకుంటూ ముందుకు సాగింది. కొండ మీది కుటుంబం ఎలా బతుకుతున్నదో, దానికి కలిగే నష్టాన్ని దేనితో కొలవాలో తేల్చుకోవలసిన అవసరం ఇప్పుడు మరోసారి ముందుకు వచ్చింది.

ఆ ప్రాంతంలో ఒక సాధారణ రైతు కుటుంబానికి పల్లంలో కొంత వరి మడి, ‘టిక్రా’ అని పిలిచే మెరకలో కొంత అరికెలు, సామలు పండే చెలక, ఇంటి వెనుక ‘బాడీ’ అనే పెరటి దొడ్డి ఉంటాయి. వరి వర్షాధారం. విత్తనాలు వెదజల్లి, నెల గడిచి మడిలో నీరు నిలిచాక, మొలిచిన పైరులోనే నాగలి తోలుతారు. ‘బియాసీ’ అనే ఈ పద్ధతిలో దిగుబడి తక్కువని వ్యవసాయ శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు. అది నిజమే. అయితే నారు పోసి నాట్లు వేయించడానికి కూలి డబ్బు లేని ఇంటికి, ఎప్పుడు మొహం చాటేస్తుందో తెలియని వానను నమ్ముకున్న పొలానికి, కలుపును ఎద్దులతోనే అణచే ఆ పద్ధతిలో ఒక లెక్క ఉంది. చేతి నుంచి డబ్బు పెట్టుబడి పెట్టకుండా గింజ ఇంటికి చేరాలన్నదే ఆ లెక్క.

కోతలు నూర్పిళ్లు ముగిసేసరికి డిసెంబరు దాటుతుంది. గాదెలోని ధాన్యం వేసవి దాకా వస్తే గొప్ప. అక్కడి నుంచి కుటుంబాన్ని గట్టెక్కించేది అడవి. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే ఆడవారు, పిల్లలు బుట్టలతో ఇప్పచెట్ల కిందికి చేరుకుంటారు. రాత్రి రాలిన పువ్వును ఎండ ముదరకముందే ఏరుకోవాలి. ఎండబెట్టిన పువ్వు కొంత తిండికి, కొంత సారాకు, కొంత సంతకు. ఆ వెనుకనే చింతపండు, సారపప్పు. మే నెలలో తునికాకు. వందల చెట్ల మధ్య తిరిగి కోసిన ఆకును సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని 50 ఆకుల చొప్పున కట్టలు కడతారు. అటువంటి వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక బస్తా. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2019లో బస్తా ధరను 2,500 రూపాయల నుంచి 4,000కు, 2024లో 5,500కు పెంచింది. పెంపు గణనీయమే. అయినా 50 వేల ఆకులకు 5,500 రూపాయలంటే ఆకుకు పదకొండు పైసలు. జూన్‌లో విత్తనం కొనడానికైనా, షావుకారు బాకీలో కొంత తీర్చడానికైనా, పిల్లలకు బట్టలకైనా కొండ ఇంట ఏడాదిలో ఒక్కసారిగా కనబడే నగదు ఇదే.

ఆగస్టు, సెప్టెంబరు నెలలు ఇంకా గడ్డుకాలం. మడిలో పైరు పచ్చగా ఉంటుంది, గాదెలో గింజ ఉండదు. ఏప్రిల్‌లో అగ్గువకు అమ్ముకున్న ఇప్పపువ్వునే వానాకాలంలో ఎక్కువ ధర పెట్టి తిరిగి కొనుక్కునే ఇళ్లు ఉన్నాయి. ‘కోచియా’ అనే చిల్లర వర్తకుడు రెండు చేతులా గడించేది ఈ తేడాలోనే. ఎండిన ఇప్పపువ్వుకు ప్రభుత్వం 2020లో కిలోకు 30 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. సహకార సంఘం సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతా ఉన్న శాఖ ఎన్నో మైళ్ల దూరంలో ఉంటుంది. ఉప్పు, నూనె మాత్రం ఈ వారం సంతలోనే కొనాలి. సంతలో తక్కువ ధరకైనా సరే అప్పటికప్పుడు చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టేవాడే గెలుస్తున్నాడు. విశాఖ మన్యంలోనూ, శ్రీకాకుళం ఏజెన్సీలోనూ గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఈ వర్తకుడితోనే పోటీ పడుతున్నది కనుక తెలుగువారికి ఇది కొత్త కథ కాదు.

కర్మాగారం పుట్టుక నాటి పరిస్థితిని కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. సోవియట్ సహకారంతో 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి కొలిమిని ప్రారంభించేనాటికి చుట్టుపక్కల రైతులు ఈ ఉద్యోగాల కోసం ఎగబడలేదు. భూమి కోల్పోయినవారు సైతం కొలిమి దగ్గరికి పోవడానికి జంకారు. నిర్మాణానికి నరబలులు ఇస్తున్నారన్న వదంతులు పల్లెల్లో వ్యాపించాయని, భిలాయిలో సుదీర్ఘకాలం పరిశోధన చేసిన బ్రిటిష్ మానవశాస్త్రజ్ఞుడు జోనాథన్ పారీ నమోదు చేశారు. స్థానికులు జంకిన చోట దూరప్రాంతాల వారు చేరారు. అందులో ఉత్తరాంధ్ర మెట్ట పల్లెల నుంచి వెళ్లిన తెలుగువారు తక్కువేమీ కాదు. వారిలో అనేకులు సెక్టారు క్వార్టర్లలో నివసిస్తూనే నెలనెలా మనియార్డరు పంపి సొంత ఊళ్లో ఎకరం, అరెకరం నిలబెట్టుకున్నారు. కర్మాగారం జీతం పొలాన్ని పోషించింది. పదవీ విరమణ నాటికి పొలం ఒక భరోసా అయింది. జీతమూ సేద్యమూ పరస్పరం ఆనుకుని నిలిచే ఏర్పాటు భిలాయి తెలుగు కుటుంబాలకు అనుభవపూర్వకంగా తెలుసు. కొండ కుటుంబానికి ఆ జీతం స్థానంలో ఉన్నది అడవి. అంతే తేడా.

గని వచ్చింది, పని పోయింది

దల్లీ-రాజహరాలో మొదట్లో ఖనిజాన్ని చేతులతోనే పగలగొట్టి, తట్టలతో మోసి లారీలకెత్తేవారు. కాంట్రాక్టర్ల కింద భార్యాభర్తలు జంటగా పనిచేసేవారు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన ఈ కూలీలే 1977లో శంకర్ గుహా నియోగి నాయకత్వంలో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్‌గా ఏర్పడ్డారు. ఆ ఏడాది జూన్‌లో జరిగిన పోలీసు కాల్పుల్లో పదకొండు మంది మరణించారు. తరువాతి కాలంలో కూలి రేట్లు పెరిగాయి. కార్మికుల చందాలతో, శ్రమదానంతో 1983లో షహీద్ ఆసుపత్రి వెలసింది. పెరిగిన కూలి సారా దుకాణానికి పోకుండా సంఘం మద్యవ్యతిరేక ఉద్యమం నడిపింది. ఇంటి బడ్జెట్టును కూడా కార్మికోద్యమ అంశంగా చూసిన సంఘాలు దేశంలో అరుదు.

యంత్రాలు దించాలని యాజమాన్యం సంకల్పించినప్పుడు నియోగి యంత్రాలే వద్దనలేదు. నాణ్యత, ఉత్పత్తి పెరుగుతూనే మనుషుల చేతికి పని మిగిలేలా అర్ధ యాంత్రీకరణ పథకాన్ని లెక్కలతో సహా ముందుంచారు. కొంతకాలం అది నిలిచింది. 1991 సెప్టెంబరు 28న భిలాయిలో నిద్రిస్తున్న నియోగిని కాల్చి చంపారు. కాలక్రమంలో కొందరు కూలీలు శాశ్వత ఉద్యోగులయ్యారు. యంత్రాలు వచ్చిన చోట అధికంగా పని కోల్పోయింది స్త్రీలు. భిలాయిలోనూ ఒకప్పుడు యాభై వేలు మించిన శాశ్వత ఉద్యోగుల సంఖ్య నేడు అందులో మూడోవంతు కూడా లేదు. కనుక గని వస్తే ఇంటికో ఉద్యోగం వస్తుందన్న 1950ల నాటి హామీని రావ్‌ఘాట్ యువకుల ముందు ఈనాడు యథాతథంగా ఉంచడం నిజాయితీ అనిపించుకోదు.

ధర కట్టారు, చెల్లించింది ఎవరికి?

అడవికి ధర కట్టడం సాధ్యం కాదు కాబట్టి పరిహారం ఇవ్వలేకపోతున్నామన్న వాదన కొన్నాళ్ల క్రితం వరకు వినిపించేది. ఇప్పుడు ఆ వాదనకు తావు లేదు. అటవీ భూమిని గనులకు మళ్లించినప్పుడు ‘నికర వర్తమాన విలువ’ చెల్లించాలని సుప్రీంకోర్టు 2002లో ఆదేశించింది. దానిని గణించే పద్ధతిని కంచన్ చోప్రా కమిటీ రూపొందించింది. కలపతో పాటు వంటచెరకు, పశుగ్రాసం, కలపేతర అటవీ ఫలసాయం విలువనూ ఆ కమిటీ లెక్కలోకి తీసుకున్నది. 2008లో కోర్టు ఖరారు చేసిన రేట్లు అడవి రకాన్ని బట్టి హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయల వరకు ఉన్నాయి. తరువాత వాటిని పెంచారు కూడా. అంటే ఇప్పపువ్వు ఏరే ఆడమనిషికి కలిగే నష్టానికి ప్రభుత్వం ధర కట్టింది, కంపెనీ దగ్గర వసూలూ చేసింది. ఆ సొమ్ము మాత్రం ఆమెకు చేరలేదు. 2016 నాటి చట్టం ప్రకారం అది ప్రత్యామ్నాయ వనీకరణ నిధికి పోతుంది. అందులో తొంభై శాతం రాష్ట్ర నిధికి, పది శాతం జాతీయ నిధికి. ఆ నిధితో వేరొకచోట మొక్కలు నాటుతారు. ఇప్పమొక్క నాటినా కాపుకు రావడానికి పది పదిహేనేళ్లు పడుతుంది. ఈ ఏడాది మార్చిలో ఆ ఇంట్లో ఏం తినాలన్నది వనీకరణ పథకంలో ప్రస్తావనకు రాని విషయం.

శ్రమ లెక్క మరీ విచిత్రం. జాతీయాదాయ గణనలో అడవి నుంచి తెచ్చిన వస్తువుకు విలువ ఉంది. కాని కేంద్ర గణాంక శాఖ శ్రామికశక్తి సర్వేలో, ఇంటిపనితో పాటు కట్టెలు, దుంపలు, ఆకుకూరలు, పశువుల మేత సేకరించే స్త్రీకి 93 అనే సంకేత సంఖ్య వేస్తారు. ఆ సంఖ్య పడినవారు శ్రామికశక్తిలోకి రారు. వస్తువు ఉత్పత్తి అయింది, ఉత్పత్తి చేసిన మనిషి లేదు!

చట్టాలు లేవని అనడానికీ వీలు లేదు. చిన్న తరహా అటవీ ఫలసాయంపై గ్రామసభకు యాజమాన్యం ఉండాలని 1996 నాటి పంచాయతీ విస్తరణ చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం చెబుతున్నాయి. అడవిపై మూడేళ్లుగా ఆధారపడిన కుటుంబం సైతం బాధిత కుటుంబమేనని 2013 భూసేకరణ చట్టం నిర్వచించింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు గనుల నికర లాభంలో కనీసం 20 శాతం స్థానిక అభివృద్ధికి కేటాయించాలన్నది. 2015లో జిల్లా ఖనిజ నిధులు వచ్చాయి. ఆ నిధి కార్యక్రమాలకు ఖర్చవుతుంది, కుటుంబానికి పోయిన ఆదాయాన్ని భర్తీ చేయదు. రోడ్డు వేసినా, భవనం కట్టినా మంచిదే. తునికాకు నెలలో వచ్చే నగదు తిరిగి రాదు.

కొండ సేద్యాన్ని స్వర్ణయుగంగా వర్ణించేవారితోనూ ఏకీభవించలేము. ఆకలి నెలలున్న జీవితంలోనే ఉండిపొమ్మని ఆ యువతరానికి చెప్పే హక్కు నగరవాసులకు లేదు. ప్రభుత్వ ధరలు పల్లెకు మేలు చేశాయన్నదీ వాస్తవం. 2023లో ఛత్తీస్‌గఢ్ ఎకరాకు 21 క్వింటాళ్ల వరకు క్వింటాలు 3,100 రూపాయల చొప్పున ధాన్యం కొనడం మొదలుపెట్టింది. 2021లో అరికెలు, సామలకు క్వింటాలుకు 3,000 ప్రకటించింది. ధరలు దాదాపు సమానంగా కనిపిస్తాయి. మెరక మీద అరికెలు ఎకరాకు మూడు నాలుగు క్వింటాళ్లు పండితే మంచి పంట. అందువల్ల పల్లం ఉన్నవాడికి దక్కిన లాభం మెరక మాత్రమే ఉన్నవాడికి దక్కలేదు. కాగితం లేని చెలకకు కొనుగోలు కేంద్రంలో నమోదే కాదు. మేడే నాడు చద్దన్నం తిని శ్రమజీవిని గౌరవించే ‘బోరే బాసీ’ దినాన్ని 2022లో రాయపూర్‌లో పాలకులు ఘనంగా జరిపారు. ఆ చద్దన్నపు గింజ ఏ చెలక నుంచి వచ్చిందో కూడా చూసి ఉంటే బాగుండేది.

రావ్‌ఘాట్ విషయంలో చేయవలసిన పని కష్టసాధ్యమైనదేమీ కాదు. తవ్వకం ఇంకా చేరని ప్రతి గ్రామంలోనూ చెట్లు కొట్టకముందే ఒక పూర్తి సంవత్సరం పాటు, మార్చి నుంచి ఫిబ్రవరి దాకా, ఇంటింటి ఆదాయాన్ని వస్తురూపంలో లెక్కించాలి. ఎన్ని ఇప్పచెట్లు ఎవరి వాడుకలో ఉన్నాయి, ఎన్ని కట్టల తునికాకు, ఎన్ని కుంచాల సామలు, ఎన్ని మోపుల కట్టెలు. ఆ లెక్కను గ్రామసభ ముందు చదవాలి. నికర వర్తమాన విలువలో అటవీ ఫలసాయానికి చెందిన వాటాను వనీకరణ నిధికి కాక ఆ కుటుంబాలకు ఏటేటా చెల్లించేలా 2016 చట్టాన్ని సవరించాలి. చెల్లింపు పుస్తకం పువ్వు ఏరే స్త్రీ పేరున ఉండాలి. సర్వేకు వెళ్లే ఉద్యోగి చేతిలో ప్రస్తుతం ఉన్న ఫారంలో భూమి సర్వే నంబరుకు గడి ఉంది, ఇంటి గోడ ఇటుకదా మట్టిదా అన్నదానికి గడి ఉంది. ఇప్పచెట్టుకు గడి వేయడానికి ఒక్క గీత చాలు.