భాగ్యమా? భాగమా?

చుట్టాలకు ఎన్ని వరసలో మన తెలుగులో డబ్బుకు అన్ని పేర్లు. ధనం, సిరి, సంపద, కలిమి, సొమ్ము, పైకం, రొక్కం, ఐశ్వర్యం, భాగ్యం... పిల్లల తెలుగు పుస్తకంలో వీటన్నిటినీ ఒక్క వరసలో రాసి పర్యాయపదాలు అంటారు. పరీక్షలో ఏది రాసినా మార్కు పడుతుంది. ఇంట్లో మాత్రం ఏది పడితే అది అనం కదండీ! "కాస్త ఐశ్వర్యం ఇలా ఇవ్వండి, కూరలు తెస్తాను" అంటే మీవారు మిమ్మల్ని ఎగాదిగా చూడరూ?

ఏ మాట చోటు ఆ మాటది. రొక్కం అంటే అప్పటికప్పుడు చేతిలో పడే నగదు. పైకం అంటే లెక్క ప్రకారం ముట్టాల్సింది. కలిమి అంటే కలిగి ఉండటం, దానికి తోడబుట్టింది లేమి. అందుకే కలిమిలేములు కావడికుండలని పెద్దవాళ్లు అన్నారు. సిరి సంస్కృతం 'శ్రీ'లోంచి వచ్చింది. అందులో డబ్బుతోపాటు ఇంటి కళ కూడా ఉంది. ఊరిని బట్టీ మాట మారుతుంది. కోస్తావాళ్లకు డబ్బులు, తెలంగాణవాళ్లకు పైసలు, సీమవాళ్లకు దుడ్లు. డబ్బు, కాసు, రూక, వరహా అన్నీ ఒకప్పటి నాణేల పేర్లే. నాణేలు పోయినా పేర్లు మిగిలాయి. కాసు అయితే కాసులపేరై మన మెడలోనే కూర్చుంది.

ఇదంతా పిల్లలకు చెప్పుకోవడానికి బాగానే ఉంది. కానీ ఒకే ఇంట్లో, ఒకే డబ్బుకు, అది ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టి పేరు మారిపోవడం మీరెప్పుడైనా గమనించారా? మగవారు నెలనెలా తెచ్చేది సంపాదన. మనం జాకెట్లు కుట్టో, పచ్చళ్లు పెట్టి అమ్మో తెచ్చేది వేణ్ణీళ్లకు చన్నీళ్లు. వారు బ్యాంకులో వేసేది పొదుపు. మనం పోపులడబ్బాలో వేసేది చిల్లర. ఆ చిల్లర సంగతి 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయినప్పుడు బయటపడింది. బియ్యం డబ్బాల్లోంచీ, చీరల మడతల్లోంచీ అయిదొందల నోట్లు, వెయ్యి నోట్లు వచ్చాయి. పిల్లల ఫీజుకో, అత్తగారి మందులకో అక్కరకొస్తుందని కూడబెట్టిన దాన్ని చిల్లర అనొచ్చునా?

ఇల్లూ పొలమూ దగ్గరికొచ్చేసరికి ఈ పేర్ల తేడా ఇంకా ఖరీదైపోతుంది. కొడుక్కి వచ్చేది వాటా. కూతురికి ఇచ్చేది పసుపుకుంకుమ. వినడానికి ఎంత చల్లగా ఉంటుందో ఆ మాట! కాకపోతే వాటాకు లెక్క ఉంటుంది, సగమా, మూడోవంతా అని అడగొచ్చు. పసుపుకుంకుమకు లెక్కేముంది? పెట్టినంత కళ్లకద్దుకుని తీసుకోవడమే. దెబ్బలాటల్లో "వాడి అబ్బ సొమ్మా?" అంటుంటాం. అబ్బ అంటే తండ్రి. మరి అబ్బ సొమ్ము అబ్బాయికేనా, అమ్మాయికి కాదా?

మా వీధిలో ఒకావిడ ఉంది. తండ్రి పోయిన ఏడాదికి అన్నదమ్ములు కారేసుకుని వచ్చి "చిన్న సంతకమమ్మా" అంటూ రిజిస్ట్రారాఫీసుకు తీసుకెళ్లారు. భోజనం పెట్టారు, పట్టుచీర పెట్టారు, సంతకం పెట్టించుకున్నారు. అది హక్కు విడుదల దస్తావేజు అని, కాలేజీలో చదివే కూతురు నకలు చదివి చెప్పేదాకా ఆవిడకు తెలియదు. "పోనీలెండి, పుట్టింటి గడప ఉంటే చాలు" అంటుంది ఇప్పుడు. తెలిసి వదులుకుంటే అది ఆవిడ పెద్దమనసు. తెలియకుండా పోతే దాన్నేమనాలి?

చట్టం ఈ మెత్తటి మాటలు వాడదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి స్వార్జితం, ఆయన వీలునామా రాయకుండా పోతే, కూతుళ్లకూ కొడుకులతో సమానమని 1956 నుంచే ఉంది. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది ఎన్.టి.రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పటి ఆంధ్రప్రదేశ్ సవరణ. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిపోయినవారికి వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటికీ వచ్చిన సవరణలో ఆ పెళ్లి అడ్డు కూడా లేదు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతిగా పంపకాలు అయిపోయి ఉంటే మాత్రం వాటిని తిరగదోడలేం.

పెళ్లిలో మనకు పెట్టిన నగానట్రా పేరు స్త్రీధనం. అది అత్తగారి బీరువాలో ఉన్నా భార్య సొత్తేనని, వాళ్లు దాచిపెట్టినవాళ్లే తప్ప సొంతదారులు కారని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది.

ఇంకో విశేషం చూడండి. భాగ్యం అన్న మాట 'భాగం'లోంచి పుట్టింది, అంటే మన వంతుకు వచ్చింది అని. ఐశ్వర్యం 'ఈశ్వర' శబ్దంలోంచి వచ్చింది, అంటే దాని మీద మనకు అధికారం ఉండటం. "భాగ్యవతీ భవ" అని దీవించేవాళ్లు భాగం ఎగ్గొట్టడం ఏం న్యాయమండీ? పుట్టింటితో తగువు పెట్టుకోమని నేననడం లేదు. అన్నదమ్ములూ కావాలి, ఆషాఢం సారే కావాలి. మాటను మాత్రం దాని పేరుతోనే పిలుద్దాం అంటున్నాను.

కాబట్టి సంతకం పెట్టే ముందు కాగితం మీద మొదటి మాట చదవండి. భాగపరిష్కారమా, దానమా, హక్కు విడుదలా? నాన్నగారు పసుపుకుంకుమ కింద పొలం ఇస్తానంటే సంతోషమే, అయితే నోటిమాటతో సరిపెట్టుకోకుండా రిజిస్టరు చేయించుకోండి. అలాగే చాకలిపద్దు రాసినట్టే ఒక చిన్న పుస్తకం పెట్టండి. మీ నగలు, వాటి తూకం, ఎవరు పెట్టారు, రసీదు ఎక్కడుంది, పోస్టాఫీసులో ఎంత, పోపులడబ్బాలో ఎంత, అన్నీ రాసుకోండి. మీ అమ్మాయికి కూడా చూపించండి. ఆ పుస్తకం మీద ఏ పేరైనా రాసుకోండి, 'చిల్లర' అని మాత్రం రాయకండి.